తొడ కండరాలపై రక్తపు చారలు ఎందుకు?

ప్రశ్న: మా షెడ్డులో నాలుగు వారాల బ్రాయిలర్ కోళ్లు తెల్లగా పారుతూ, ముడుచుకుని చనిపోతున్నాయి. కోసి చూస్తే తొడ కండరాలపై ఎర్రటి చారలు కనిపించాయి. ఏం జబ్బు?
– ఒక రైతు, సిద్దిపేట జిల్లా

జవాబు: ఇవి గంబోరో వ్యాధి లక్షణాల్లా ఉన్నాయి. 1962లో అమెరికాలోని గంబోరో ప్రాంతంలో బయటపడటంతో ఆ పేరొచ్చింది. ఎక్కువగా మూడు నుంచి ఆరు వారాల పిల్లలకు సోకుతుంది.

మలద్వారం పైభాగాన ఉండే బర్సా గ్రంథి రోగనిరోధక కణాలకు శిక్షణశాల వంటిది. వైరస్ అక్కడి బి కణాలను చంపుతుంది. మూడు నాలుగు రోజుల్లో బర్సా ఉబ్బి, పైన పసుపు రంగు జిగురు పొర కడుతుంది. ఒక్కోసారి లోపల రక్తం చిమ్ముతుంది. ఎనిమిదో రోజుకల్లా సాధారణ సైజులో మూడో వంతుకు కుంచించుకుపోతుంది. తొడ, రొమ్ము కండరాల్లో రక్తస్రావం, కిడ్నీల వాపు కూడా కనిపించవచ్చు.

బతికిన కోళ్లలోనూ నిరోధకశక్తి తగ్గుతుంది. రాణిఖేత్ టీకా వేసినా సరిగా పనిచేయకపోవడానికి ఇదో కారణం.

దీనికి మందు లేదు. యాంటీబయాటిక్స్ వైరస్‌ను చంపవు. వైరస్ షెడ్డులో నెలల తరబడి బతుకుతుంది. కాబట్టి పాత లిట్టర్ తీసేసి, కడిగి, ఫార్మలిన్‌తో శుద్ధి చేశాకే కొత్త బ్యాచ్ దించండి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీల స్థాయిని బట్టి టీకా రోజును డాక్టరుతో నిర్ణయించుకోండి. ముందుగా, అప్పుడే చనిపోయిన కోళ్లను పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్‌కు పంపి జబ్బును ఖాయం చేసుకోండి.