సరంగు నుంచి మాస్టర్ చీఫ్ దాకా: నౌకాదళంలో ఆఫీసరు కాని వారి చరిత్ర

మన సొసైటీ స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలు ఒక ఆదివారం మాదాపూర్‌లో జరిగాయి. ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసిన ఒక అబ్బాయి తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. తండ్రి హైటెక్ సిటీలో ఒక టవరు గేటు దగ్గర రాత్రి డ్యూటీ గార్డు. నిద్ర లేని కళ్ళతో అలాగే వచ్చి కూర్చున్నారు.

“ముందుకు ఏం చేద్దామనుకుంటున్నావు బేటా?” అని అడిగాం.

“నేవీలో చేరతాను సార్.”

“ఆఫీసరుగానా?”

“కాదు సార్, సెయిలర్‌గా.”

బల్లకు ఇవతల కూర్చున్న మాలో ఒక పెద్దాయన, “అంటే ఓడలో కూలిపనేగా?” అన్నారు. ఆయన మనసులో చెడు లేదు, మాట మాత్రం అలా జారింది. తండ్రి తల దించుకున్నారు. మన దాతలలో చాలామందికి ఇదే అభిప్రాయం ఉండవచ్చు. చదువుకు ఇచ్చే డబ్బు బి.టెక్.కే వెళ్ళాలి, అక్కడి నుంచి సాఫ్ట్‌వేర్‌కే వెళ్ళాలి అనే లెక్క మనలో బలంగా నాటుకుపోయింది. అందుకే ఈ వ్యాసం.

ముందు మాటల సంగతి చూద్దాం. గోదావరిలో లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటాం. శ్రీకాకుళం తీరంలో వేటకు వెళ్ళే పడవకు పెద్ద తండేలు. 2025లో ఆ పేరుతో సినిమా వచ్చాక హైదరాబాదు పిల్లలకూ ఆ మాట తెలిసింది. రేవుల్లో కళాసీలు ఉన్నారు. కాలువ గట్టు మీద షట్టర్లు చూసుకునే నీటిపారుదల శాఖ చిన్న ఉద్యోగిని నేటికీ లస్కర్ అంటాం. ఇవన్నీ ఒకప్పుడు ఓడ మీది హోదాలు, పనులు. లస్కర్ అంటే ఓడ పనివాడు. వాళ్ళ గుంపుకు పెద్ద సరంగు, అతని కింద తండేలు, చుక్కాని పట్టేవాడు సుక్కానీ, వంటవాడు భండారీ. లష్కర్ అంటే ఫార్సీలో సైన్యం, సర్‌హంగ్ అంటే దళపతి. దళపతి అనే మాట సరంగుగా మారి, సైన్యం అనే మాట చివరికి కాలువ గట్టున కాపలాకు చేరింది!

ఈస్టిండియా కంపెనీ ఓడలు, తర్వాత ఆవిరి ఓడలు ఈ మనుషుల మీదే నడిచాయి. పద్ధతి ఏమిటంటే, ఓడ యజమాని నేరుగా కళాసీని పెట్టుకునేవాడు కాదు. సరంగు తన ఊరి నుంచి, తన బంధువుల నుంచి మనుషులను తెచ్చేవాడు. వాళ్ళకు అతడే మేస్త్రీ, అప్పులిచ్చేవాడు, తగవులు తీర్చేవాడు. యాత్ర ముగిస్తే పని ముగిసినట్టే. బ్రిటిష్ నేవీలోనూ చాలాకాలం నావికుణ్ణి ఓడ లెక్కన పెట్టుకుని, పని తీరాక పంపించేసేవారు. 1853లో అక్కడ ఏళ్ళ తరబడి కొనసాగే ఉద్యోగ విధానం వచ్చింది. అదే ఏడాది చీఫ్ పెట్టీ ఆఫీసర్ అనే హోదా కూడా ఏర్పడింది. ఈ రెండూ కలిసి రావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. ఉద్యోగం స్థిరమైతేనే పైకి ఎక్కడానికి మెట్లు అవసరమవుతాయి.

ఆవిరి యంత్రాలు వచ్చాక ఇంకో మార్పు జరిగింది. తాడు లాగడం, తెరచాప ఎత్తడం తెలిసినవాడికి బాయిలరు తెలియదు. అందుకని 1868లో బ్రిటిష్ నేవీ ఇంజన్ రూమ్ ఆర్టిఫిసర్ అనే కొత్త తరగతిని పెట్టింది. వీళ్ళు చేతిపని తెలిసిన ఫిట్టర్లు, కమ్మరులు. చేతిలో విద్య ఉంది కాబట్టి పెద్ద హోదాలోనే చేరారు. నౌకాదళంలో ‘ట్రేడ్’ అనే మాటకు ఈనాడున్న బరువు అక్కడి నుంచే వచ్చింది.

మన దేశంలో రాయల్ ఇండియన్ మెరైన్ 1934 అక్టోబర్ 2న రాయల్ ఇండియన్ నేవీగా మారింది. అప్పట్లో నావికులలో ఎక్కువమంది కొంకణ తీరం, ముఖ్యంగా రత్నగిరి ముస్లింలు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి రెండు వేలకు లోపున్న నావికుల సంఖ్య యుద్ధం ముగిసేసరికి పాతిక వేలు దాటింది. కొత్తగా చేరిన వాళ్ళు చదువుకున్న కుర్రాళ్ళు. మోర్స్ కోడ్, రాడార్, వైర్‌లెస్ నేర్చుకున్నారు. వాళ్ళకు పెట్టింది మాత్రం రాళ్ళ అన్నం, నీళ్ళ పప్పు. పైగా జాతి పేరు పెట్టి తిట్లు.

1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని సిగ్నల్ శిక్షణ కేంద్రం తల్వార్‌లో నావికులు భోజనం మానేశారు. మరునాటికి సమ్మె ఓడలకు పాకింది. కరాచీ, మద్రాసుతో పాటు విశాఖపట్నం కూడా కదిలింది. సమ్మె కమిటీ అధ్యక్షుడు ఎం.ఎస్. ఖాన్, లీడింగ్ సిగ్నల్‌మన్. ఉపాధ్యక్షుడు మదన్ సింగ్, పెట్టీ ఆఫీసర్ టెలిగ్రాఫిస్టు. ఈ హోదాలను గమనించండి. ఆఫీసర్లు కారు, అడుగున ఉన్న కొత్త కుర్రాళ్ళూ కారు. నడుమ మెట్టు మీద నిలబడి ఇరువైపులా చూసినవాళ్ళు. ఒక ముస్లిం, ఒక సిక్కు పక్కపక్కన కూర్చుని, కాంగ్రెస్, లీగ్, కమ్యూనిస్టు జెండాలు మూడూ ఎగిరిన ఓడల తరఫున మాట్లాడారు. ఫిబ్రవరి 23న నాయకుల సలహాపై సమ్మె విరమించారు. ఎంతోమంది ఉద్యోగాలు పోయాయి.

ఇంకో సంఘటన. 1971 డిసెంబర్ 10న ఖుల్నా దగ్గర ముక్తివాహిని, భారత నావికులు కలిసి ఉన్న తుపాకీ పడవలు దాడికి గురయ్యాయి. ఆ దళంలోని లీడింగ్ సీమన్ చిమన్ సింగ్ యాదవ్‌కు మన దేశం మహావీరచక్ర ఇచ్చింది. ‘పలాశ్’ పడవ ఇంజన్ గదిని వదలక, ఆ రోజే ప్రాణాలు కోల్పోయిన ఆర్టిఫిసర్ మొహమ్మద్ రుహుల్ అమీన్‌కు బంగ్లాదేశ్ తన అత్యున్నత పురస్కారం బీర్ శ్రేష్ఠ ఇచ్చింది. ఇద్దరూ ఆఫీసర్లు కారు.

ఈనాటి మెట్లు ఇవి: సీమన్, లీడింగ్ సీమన్, పెట్టీ ఆఫీసర్, చీఫ్ పెట్టీ ఆఫీసర్, మాస్టర్ చీఫ్ పెట్టీ ఆఫీసర్ రెండో తరగతి, ఆపై మొదటి తరగతి. ఆర్మీ లెక్కలో చీఫ్ అంటే నాయబ్ సుబేదార్, మాస్టర్ చీఫ్ రెండో తరగతి సుబేదార్, మొదటి తరగతి సుబేదార్ మేజర్. ఈ పేర్లను భారతీయ సంప్రదాయానికి తగ్గట్టు మారుస్తామని 2023 డిసెంబర్ 4న నేవీ దినోత్సవంలో ప్రధాని ప్రకటించారు. సరంగు, తండేలు అనే మాటలు తిరిగి వస్తే నాకు సంతోషమే!

ట్రేడులకు వేర్వేరు బడులున్నాయి. ఇంజన్లకు లోనావాలాలోని ఐఎన్ఎస్ శివాజీ, విద్యుత్తుకు జామ్‌నగర్‌లోని వల్సురా, జలాంతర్గాములకు మన విశాఖలోని శాతవాహన. సిగ్నల్ పని ఇక సముద్రం ఒడ్డుకే పరిమితం కాదు. జలాంతర్గాములతో మాట్లాడే నేవీ రేడియో కేంద్రానికి 2024 అక్టోబర్ 15న వికారాబాద్ జిల్లా దామగుండంలో శంకుస్థాపన చేశారు. అడవి పోతుందని అక్కడివారు చేసిన అభ్యంతరం చిన్నదేమీ కాదు. అయినా తల్వార్ కుర్రాళ్ళ విద్య ఇప్పుడు మన గడప దగ్గరికి వచ్చింది.

దాతలు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. పాత పద్ధతిలో చేరిన నావికుడికి మొదటి ఒప్పందమే 15 ఏళ్ళు, ఆపై పింఛను. 2022 నుంచి అగ్నివీర్‌గా చేరితే నాలుగేళ్ళే; ఆ తర్వాత గరిష్ఠంగా నాలుగో వంతు మందిని ఉంచుకుంటారు. అంటే మాస్టర్ చీఫ్ అయ్యే మెట్ల దారి చాలామందికి నాలుగో ఏటనే ఆగిపోతుంది. 1853కు ముందటి పద్ధతి గుర్తుకు రావడం లేదూ? కాబట్టి పిల్లవాడికి ట్రేడు చేతికి రావాలి, చదువూ ఆగకూడదు. జనరేటరు, చిల్లరు, వైరింగు తెలిసినవాడికి ఈ టవర్లలో పని దొరుకుతుంది. ఉత్త సెల్యూట్ తెలిసినవాడు మళ్ళీ గేటు దగ్గరికే వస్తాడు. ఆడపిల్లల తల్లిదండ్రులకూ ఒక మాట: ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కా నుంచి 2023 మార్చి 28న బయటికొచ్చిన తొలి అగ్నివీర్ బ్యాచ్‌లో 273 మంది అమ్మాయిలున్నారు. ఇంకొకటి, “లక్షన్నర ఇస్తే నేవీలో పెట్టిస్తా” అనే దళారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఆ అబ్బాయి దరఖాస్తును ఆ రోజు పక్కన పెట్టారు. తర్వాతి సమావేశంలో ఈ సంగతులే నేను కమిటీకి చెప్పాను. కూలిపని అన్న పెద్దాయనే ముందు చెయ్యెత్తారు. రాత పరీక్షకు లెక్కలు, ఫిజిక్స్ కోచింగ్ ఫీజు, దూరవిద్యలో డిగ్రీకి మొదటి ఏడాది ఖర్చు, ఒక జత పరుగు బూట్లు మంజూరయ్యాయి. 1.6 కిలోమీటర్లు ఆరున్నర నిమిషాల్లో పరుగెత్తాలి. ఫజ్ర్ తర్వాత దుర్గం చెరువు పక్కన రోజూ పరుగెత్తుతున్నాడు. డ్యూటీ దిగి ఇంటికి వెళ్తూ వాళ్ళ నాన్న అక్కడ ఆగి, ఫోనులో టైము చూస్తున్నారు. పోయిన వారం ఏడు నిమిషాల పది సెకన్లు పట్టిందట.