శ్రుతికి లోబడిన దృశ్యము

పలువురు కలసి చేయు పనిలో ఒక్కొక్కని సామర్థ్యముకన్న, అందరును దేనికి లోబడియున్నారన్నది ముఖ్యము. సంగీతసభలో తంబుర పలుకు శ్రుతి ఏ ఒక్కరి సొత్తును కాదు. అయినను గాయకుడు, వైణికుడు, మార్దంగికుడు అందరును దానికే లోబడుదురు. విద్యార్థులు ఈ సత్యమును అనుభవపూర్వకముగ గ్రహింపదగిన అభ్యాసమొకటి నేటి కళాశాలలలో కలదు. ఐదారుగురు ఒక జట్టుగా చేరి, మూడు నాలుగు నిమిషముల పాట నొకదానిని గైకొని, దానికి తగిన దృశ్యములను చిత్రించి, వరుసగా కూర్చి ఉపాధ్యాయునకు సమర్పింతురు. దీనినే మ్యూజిక్ వీడియో అందురు. పైకి వినోదముగ కన్పట్టు ఈ పనిలో ఓర్పునకు, న్యాయబుద్ధికి, త్యాగమునకు నిజమైన పరీక్ష యున్నది.

మొదటి మెట్టు పాటను ఎన్నుకొనుట. నచ్చిన పాటనెల్ల స్వేచ్ఛగా గైకొనుటకు వీలులేదు. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి మనదేశమున సాహిత్యమునకు, స్వరరచనకు, ధ్వనిముద్రణకు వేరువేరు హక్కులు కలవు. సాహిత్యముపై హక్కు రచయిత జీవితకాలమును, అతని మరణానంతరము 60 సంవత్సరములును నిలుచును. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందిరి; కావున వారి కృతులను ఎవరైనను పాడవచ్చును. కాని నేటి గాయకుడొకడు పాడి వెలువరించిన కృతిముద్రణను తమ చిత్రమున చేర్చి, అనుమతి లేక లోకమున ప్రచురించుట తగదు. కృతి అందరిది, ముద్రణము మాత్రము దానిని నిర్మించినవారిది. జట్టులో పాడగలవారున్నచో తామే పాడి ముద్రించుకొనుట ఉత్తమము. పరుల శ్రమను గౌరవించుటతో కార్యము ఆరంభమగుట మేలైన ఆరంభము.

రెండవ మెట్టు చిత్రణము. ఇందు పాట ముందు, దృశ్యము వెనుక. ముద్రితమైన పాటను ధ్వనివర్ధకముద్వారా విన్పింపగా, పాత్రధారి దాని ననుసరించి పెదవులు కదల్చును. మన టెలివిజనులో సెకనుకు 25 స్థిరచిత్రములు కన్నులయెదుట సాగిపోవును. నాలుగు నిమిషముల పాటకు 6,000 చిత్రములు కావలెను. నిమిషమునకు 60 క్రియల కాలప్రమాణమున ఆదితాళము వేసినచో, ఎనిమిది క్రియల ఆవర్తము 8 సెకనులలో, అనగా 200 చిత్రములలో పూర్తియగును. దృశ్యము మారవలసిన తావును నిర్ణయించునది అభిరుచి యొక్కటియే కాదు, ఈ లెక్కయు కూడ. జట్టులో ఒకడు తన సెల్‌ఫోనును 25 చిత్రములకు, మరియొకడు 30 చిత్రములకు అమర్చుకొన్నచో, కూర్పువేళ కదలికలు కుంటుపడును. ఇద్దరిలో ఎవరి సంఖ్య గొప్పదన్నది ప్రశ్న కాదు. ముందుగా ఒక్క సంఖ్యకు అందరును అంగీకరించుటయే కావలసినది.

ఇచటనే గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పయనించును. పాత్రధారిణి ధ్వనివర్ధకమునకు 40 మీటర్ల దూరమున నిలిచినచో, పాట ఆమె చెవికి దాదాపు మూడు చిత్రముల కాలము ఆలస్యముగ చేరును. ఆమె ఎంత జాగరూకతతో పాడినట్లు నటించినను, పెదవుల కదలిక పాటకు వెనుకబడును. ఆమెకు తాళజ్ఞానము లేదని తోటివారు నిందింతురు. తప్పు ఆమెయందు లేదు. ధ్వనివర్ధకమును దగ్గరకు జరిపిన చాలును. మనుష్యునిలో దోషమని తోచునది పెక్కుసారులు ఏర్పాటులోని లోపమే యగును. నిందించుటకు ముందు దూరమును కొలుచుట వివేకము.

మూడవ మెట్టు కూర్పు. మిక్కిలి కఠినమైన పరీక్ష ఇదియే. ఒక విద్యార్థి వరుసగా మూడు దినములు తెల్లవారకముందే లేచి, ఏటియొడ్డున చలిలో కాచుకొని, నీటిపై తొలియెండ పడు దృశ్యమును చిత్రించెననుకొందము. దృశ్యము మనోహరము. కాని పాటలో ఆ తావున వినవలసిన మాటనుండి అది మనస్సును మరలించుచున్నది. దానిని తీసివేయవలెను. ఆ యువకుని హృదయము నొచ్చుకొనుట సహజము. పెక్కు జట్లలో స్నేహములు చెడునది ఈ తావుననే. అతడు పట్టుబట్టినచో పాట చెడును. ఇతరులు బలవంతముగ తొలగించినచో మైత్రి చెడును. అందువలన, ఏది నిలుచును, ఏది పోవును అను విషయము పాటనుబట్టియే నిర్ణయింపబడునని చిత్రణమునకు ముందే అందరును ఒప్పుకొనవలెను. ఎవరు తీసిరో ఎరుగని మిత్రునకు రెండు విధములైన కూర్పులను చూపి, ఏది పాటను చక్కగ విన్పించుచున్నదని అడుగుట మంచి పద్ధతి. పోయిన దృశ్యము వ్యర్థము కాదు. దానిని తీసిన కన్ను, ఓర్చిన శరీరము అతనియొద్దనే యుండును. మరియొక పనికి అవియే పెట్టుబడి.

1988 ఆగస్టు 15న దూరదర్శనులో ప్రసారమైన ‘మిలే సుర్ మేరా తుమ్హారా’ ఇందుకు చక్కని నిదర్శనము. పీయూష్ పాండే రచించిన ఆ గీతము భీమసేన్ జోశి కంఠముతో ఆరంభమై, దేశభాషలలో ఒకదానినుండి ఇంకొకదానికి సాగిపోవును. మన మంగళంపల్లి బాలమురళీకృష్ణ స్వరము కూడ అందు వినవచ్చును. సభ సభయంతయు తన గానముతో నింపగల విద్వాంసునకు సైతము అందు లభించినవి కొన్ని క్షణములే. ఆ కొన్ని క్షణముల కూడికయే ఒక దేశమును కన్నులకు కట్టినది.

తుదకు పేర్ల పట్టిక మిగులును. తెరపై కనుపించినవానిని అందరును పొగడుదురు. దీపములు మోసినవానిని, అనుమతిపత్రములకై తిరిగినదానిని ఎవ్వరు నెరుగరు. ఉపాధ్యాయుడు జట్టునకంతకును ఒకే మార్కు నిచ్చినచో, పనిచేసినవాడును, పని తప్పించుకొన్నవాడును సమానులగుదురు. దీనికి విరుగుడు తగవు కాదు, దినచర్యపుస్తకము. ఏనాడు ఎవరెవరు ఏ పని చేసిరో అందరి యెదుట వ్రాసియుంచినచో సత్యము తనంత తానే పలుకును. పేరును ఆశింపకుండుట తన విషయమున సుగుణము. తోటివాని పేరును విడిచిపెట్టుట మాత్రము అపరాధము. తన దృశ్యమును విడువగల మనస్సు, తోటివాని శ్రమను మరువని మనస్సు – ఈ రెండును కుదిరిన జట్టు నాలుగు నిమిషముల పాటలో నాలుగు సంవత్సరముల చదువును నేర్చినట్లే.