ప్రాణశక్తికి రసాయన రూపం

మన దేహం పంచభూతాత్మకమని పెద్దలు చెప్పారు. ఆధునిక రసాయనశాస్త్రం ఆ దేహాన్ని మూలకాలుగా విభజించి చూపింది. మానవదేహపు బరువులో దాదాపు 96 శాతం ఆక్సిజన్, కార్బన్, హైడ్రోజన్, నత్రజని అనే నాలుగు మూలకాలదే. మిగిలిన కొద్ది భాగంలో కాల్షియం, భాస్వరం మొదలైనవి ఉంటాయి. ఇవన్నీ నేలలో, నీటిలో, గాలిలో లభించేవే. మరి మట్టిలో లేని చలనం మనిషిలో ఎలా కలిగింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన శాస్త్రజ్ఞులలో తెలుగువాడైన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. యౌవనంలోనే ఇద్దరు సోదరులను స్ప్రూ అనే జీర్ణవ్యాధి బలిగొన్నది. ఆ వేదన ఆయనను వైద్య పరిశోధన వైపు నడిపించింది. మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసి, అమెరికా వెళ్ళి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి పరిశోధన సాగించారు.

దేహద్రవాలలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. రసాయన చర్యవల్ల ద్రావణంలో నీలిరంగు ఏర్పడుతుంది. ఆ రంగు ఎంత గాఢంగా ఉంటే భాస్వరం అంత ఎక్కువగా ఉన్నట్లు. ఈ కొలమానమే తరువాతి పరిశోధనలకు దారి చూపింది. కండరం పనిచేయడానికి గ్లైకోజన్ లాక్టిక్ ఆమ్లంగా మారడమే కారణమని ఆనాటి పండితుల నమ్మకం. అయితే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉన్నదనీ, కండరం శ్రమించినప్పుడు అది తరిగి, విశ్రమించినప్పుడు మళ్ళీ ఏర్పడుతుందనీ వీరు 1927లో వెల్లడించారు. పాత సిద్ధాంతం సడలిపోయింది. 1929లో కండరంనుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వేరుచేసినట్లు ప్రకటించారు. అదే ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని స్వతంత్రంగా కనుగొన్నాడు.

ఏటీపీ అణువులో అడినిన్, రైబోజ్ అనే చక్కెర, వరుసగా మూడు ఫాస్ఫేట్లు ఉంటాయి. నీటితో చర్య జరిగి చివరి ఫాస్ఫేటు విడివడినప్పుడు శక్తి వెలువడుతుంది. గాదె నిండా ధాన్యమున్నా, సంతలో బేరానికి చేతిలో చిల్లర కావాలి కదా! మనం తినే అన్నంలోని పిండిపదార్థం గాదెలోని ధాన్యమైతే, ఏటీపీ చేతిలోని చిల్లర. అన్నం గ్లూకోజుగా మారి, కణాలలో ఆక్సిజన్ సాయంతో దహనమై, ఆ శక్తితో ఏటీపీ తయారవుతుంది. ఏ క్షణాన చూసినా దేహంలో ఉండే ఏటీపీ స్వల్పమే. కాని ఒక దినంలో మళ్ళీ మళ్ళీ తయారై ఖర్చయ్యేదంతా లెక్కిస్తే అది మనిషి బరువుతో సరితూగుతుంది. చీమ నడకకూ, విత్తనపు మొలకకూ, మన ఆలోచనకూ ఇదే ఆధారం.

తరువాత లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు మార్గదర్శకత్వంలో శాస్త్రజ్ఞులు 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. రక్తకణాల వృద్ధికి అవసరమైన ఈ విటమిను స్ప్రూ చికిత్సలో ముఖ్యమైన ఔషధమైంది. తన సోదరులకు అందని మందు లోకానికి అందింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయస్సులో ఆయన కన్నుమూశారు. నోబెల్ బహుమతి ఆయనను వరించలేదు. కంటికి కనిపించకుండానే ఏటీపీ ప్రాణిని నడిపిస్తుంది. కీర్తికి దూరంగా నిలిచి సుబ్బారావు చేసిన కృషి కూడా అటువంటిదే.

ప్రశ్నలు

1. ఏటీపీని చిల్లరతో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. 1927 నాటి పరిశోధన పాత సిద్ధాంతాన్ని ఎలా సడలించింది?
3. 'తన సోదరులకు అందని మందు లోకానికి అందింది' – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.