అప్పు నోటీసును చూరులో దోపకండి!



ఈ సంచికలో చదువుల గురించి, ఉద్యోగాల గురించి ఎంతోమంది రాస్తుంటారు. మేము మాత్రం ఈసారి మన ఇళ్ళల్లో ఎవరూ పైకి మాట్లాడని ఒక విషయం గురించి రాయాలనుకున్నాం. అదే బ్యాంకు అప్పు. మన ట్రంకుపెట్టెల్లో పుస్తకాలుంటే, మన ఇళ్ళ చూరుల్లో అప్పు కాగితాలుంటాయి. ఆ రెండింటికీ సంబంధం ఉందని మాకు ఆలస్యంగా తెలిసింది.

మేము ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పటి సంగతి ఇది. నాన్న కూలిపని చేస్తూనే రెండు గేదెల కోసం ఒక బ్యాంకులో లక్ష రూపాయలు అప్పు తీసుకున్నాడు. ఒక గేదె రోగమొచ్చి చచ్చిపోయింది. రెండోది వట్టిపోయింది. వాయిదాలు ఆగిపోయాయి. కొన్నాళ్ళకు ఇద్దరు వసూలు మనుషులు రాత్రి 9 గంటలకు వచ్చి, మా వాకిట్లో నిలబడి వీధంతా వినేలా అరిచారు. “రేపు పోలీసులొస్తారు, ఇల్లు వేలం వేస్తాం” అన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

తర్వాత కోర్టు నుంచి కాగితం వచ్చింది. పుచ్చుకుంటే జైల్లో వేస్తారేమోనని నాన్న తీసుకోలేదు. వచ్చినాయన దాన్ని తలుపుకు అంటించి వెళ్ళాడు. అమ్మ దాన్ని ఊడదీసి, మడిచి, చూరులో దోపింది. పరీక్షలని మాకు చెప్పలేదు. మేము డిగ్రీలో చేరాక రెండో కాగితం వచ్చింది. అప్పటికే కోర్టు నాన్న లేకుండానే తీర్పు ఇచ్చేసింది. పండక్కి ఇంటికి వెళ్తే, ఇక చదువు చాలు, పనిలో చేరమన్నాడు నాన్న. ఆ ఇంట్లో కాగితం చదవగలిగినవాళ్ళం మేము ఒక్కళ్ళమే. ఆ కాగితాలు మాత్రం మా దాకా రాలేదు.

ఆ తర్వాత మేము తిరిగి, అడిగి నేర్చుకున్న పాఠాలు ఇవి.

1. వసూలు మనుషులకూ హద్దులున్నాయి

బ్యాంకుకు బాకీ అడిగే హక్కు ఉంది. అవమానించే హక్కు లేదు. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత వసూలు కోసం ఫోన్లు చేయకూడదని, బెదిరించకూడదని, నలుగురిలో పరువు తీయకూడదని, ఇంట్లోవాళ్ళనూ స్నేహితులనూ వేధించకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించింది. మన అమ్మలు తీసుకునే మైక్రోఫైనాన్స్ అప్పులకు అదే ఏడాది మార్చిలో ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు అని వేళలు పెట్టింది. ఎవరైనా వస్తే ముందుగా గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం అడగాలి. వచ్చిన తేదీ, వేళ, అన్న మాటలు ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. రసీదు లేకుండా చేతికి డబ్బు ఇవ్వకూడదు.

వేధిస్తే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నకలు దాచుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి రుసుము లేదు. కొట్టినా, బెదిరించినా అది నేరం కాబట్టి పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు.

2. ఏ కాగితం ఏమిటి?

మన ఇళ్ళల్లో కాగితం మీద ముద్ర ఉంటే చాలు, అది వారెంటే అనుకుంటారు. అది నిజం కాదు. బ్యాంకు నోటీసు అంటే బాకీ కట్టమని అడగడం. వకీలు నోటీసు అంటే కట్టకపోతే దావా వేస్తామని చెప్పడం. ఈ రెండూ కోర్టు కాగితాలు కావు. అయినా వాటికి జవాబు ఇవ్వడం మంచిది.

లోక్ అదాలత్ నోటీసు రాజీకి పిలుపు. అక్కడ ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ. కోర్టు రుసుము ఉండదు. కానీ ఒకసారి ఒప్పుకుని సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో సమానం. దానిమీద అప్పీలు లేదు. అందుకని నిజంగా కట్టగలిగిన మొత్తానికే ఒప్పుకోవాలి.

కోర్టు సమన్లు వేరు. దానిమీద కోర్టు పేరు, ముద్ర, దావా నంబరు, హాజరు కావలసిన తేదీ ఉంటాయి. దీన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదు.

3. సమన్లు వస్తే

తీసుకోనంటే దావా ఆగదు. అందినట్టే లెక్క వేస్తారు. మామూలు దావాలో మన జవాబు దాఖలు చేయడానికి సమన్లు అందిన నాటి నుంచి 30 రోజులు గడువు. కోర్టు అనుమతిస్తే 90 రోజుల వరకు పొడిగించవచ్చు. కొన్ని రకాల దావాల్లో హాజరుకు 10 రోజులే గడువు ఉంటుంది. అందుకే అందిన రోజే చదవాలి.

వెళ్ళకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది, అంటే మన మాట వినకుండానే తీర్పు. దాన్ని రద్దు చేయమని అడగడానికి సాధారణంగా 30 రోజులే గడువు. ఇంకో సంగతి మాకు చాలా బాధ కలిగించింది. తీర్పుకు ముందే వెళ్ళి మా పరిస్థితి ఇది అని చెప్పుకుంటే, వాయిదాల్లో కట్టుకోమని కోర్టు తనంతట తానే చెప్పే వీలు చట్టంలో ఉంది. డిక్రీ అయ్యాక వాయిదాలు కావాలంటే బ్యాంకు కూడా ఒప్పుకోవాలి. తలుపుకు అంటించిన ఆ కాగితం ఆ రోజే చదివి ఉంటే నాన్నకు ఆ అవకాశం ఉండేది.

4. జైలు, జప్తు

కేవలం అప్పు కట్టలేకపోవడం నేరం కాదు. కట్టే స్తోమత లేనివాణ్ణి పేదరికం కారణంగా జైలుకు పంపడం తగదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. ఆ తీర్పు రాసినవారు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. ఉండి కూడా ఎగ్గొట్టేవారికి, ఆస్తి దాచేవారికి మాత్రం సివిల్ జైలు ఉంది. డబ్బు డిక్రీ కోసం స్త్రీని అరెస్టు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ చెబుతోంది.

అదే కోడ్ 60వ సెక్షన్ ప్రకారం కూలీ, రైతు కాపురముంటున్న సొంత ఇల్లు, కూలి డబ్బు, వంటపాత్రలు, కట్టుబట్టలు, పరుపులు, వ్యవసాయ పనిముట్లు జప్తు చేయకూడదు. అయితే ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెస్తే ఈ రక్షణ పనికిరాదు.

5. సంతకం పెట్టే ముందు

ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇవ్వకండి. చెక్కు చెల్లకపోతే, నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే అది క్రిమినల్ కేసు అవుతుంది. స్నేహితుడికి జామీను సంతకం పెడితే అతనెంత బాధ్యుడో మనమూ అంతే బాధ్యులం. మామూలు అప్పుకు దావా వేయడానికి సాధారణంగా 3 సంవత్సరాలు గడువు. ఆ గడువులోగా బాకీ ఉన్నానని రాసి సంతకం పెట్టినా, కొంత కట్టి రాతలో చూపినా 3 సంవత్సరాలు మళ్ళీ మొదలవుతాయి. ఇది ఎగ్గొట్టమని చెప్పడం కాదు. దేనిమీద సంతకం పెడుతున్నామో తెలుసుకోమని చెప్పడం.

6. వకీలుకు డబ్బు లేకపోతే

మన హాస్టల్లో ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవలసినది ఇదే. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ కులాలవారికి, షెడ్యూల్డ్ తెగలవారికి, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఆదాయం తక్కువ ఉన్న మిగతావారికి కూడా అవకాశం ఉంది. కోర్టు ఆవరణలోనే ఆ సంస్థ కార్యాలయం ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

మేము నాన్నను అక్కడికే తీసుకువెళ్ళాం. మెట్ల దగ్గర నాన్న చెప్పులు విప్పబోతే, అక్కర్లేదని చెప్పాం. వకీలు గారు కాగితాలన్నీ చూసి, “మొదటి కాగితం రాగానే ఎందుకు రాలేదయ్యా?” అన్నారు. నాన్న తల వంచుకున్నాడు. మేము కూడా. కూలివాడి కాపురపు ఇల్లని, తాకట్టులో లేదని వారు కోర్టులో రాసిచ్చారు. తర్వాత లోక్ అదాలత్‌లో బ్యాంకు 24 వాయిదాలకు ఒప్పుకుంది. మొదట్లోనే వెళ్ళి ఉంటే పడని కోర్టు ఖర్చులు, వడ్డీ కూడా కట్టాం. నాన్న కూలి, అమ్మ కూలి, సెలవుల్లో మేము చేసిన పని అన్నీ దానికే పోయాయి. కానీ ఇల్లు నిలిచింది, మా చదువు ఆగలేదు. బాకీ లేదని బ్యాంకు ఇచ్చిన కాగితాన్ని అమ్మ మా డిగ్రీ పట్టాతో కలిపి పెట్టెలో దాచింది.

తమ్ముళ్ళారా! ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. అమ్మనూ నాన్ననూ కూర్చోబెట్టి, చూరులో, బియ్యం డబ్బాలో, గోడ మేకుకు గుచ్చిన కాగితాలన్నీ తీయించండి. తేదీలు చూసి వరుసగా పెట్టండి. ఒక్కొక్కటి చదివి, వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. తీసుకున్న అప్పు తీర్చవలసిందే. దానికి భయపడి దాక్కోనక్కర్లేదు. మనకు చదువు చెప్పించినవాళ్ళకు మనం ముందుగా చదివి పెట్టవలసినవి ఆ కాగితాలే.