ఏ కెమెరా కొనవలెను?

మన పాఠశాల వార్షికోత్సవము సమీపించినపుడెల్ల తలిదండ్రులు అడుగుచుందురు: కాంపాక్టు కెమెరా చాలునా, మిర్రర్‌లెస్ కొనవలెనా?

ఎస్.ఎల్.ఆర్. కెమెరాలలో లెన్సునుండి వచ్చు వెలుతురును ఒక అద్దము కంటివైపునకు మరల్చును. ఆ అద్దమును తొలగించి, లెన్సులు మార్చుకొను వీలును నిలుపుకొన్నవే మిర్రర్‌లెస్‌లు. 2008లో పానాసోనిక్ జి1తో ఈ తరహా వ్యాప్తిలోనికి వచ్చెను. కాంపాక్టులోను అద్దము లేదు సుమా! అసలు భేదము వెలుతురును గ్రహించు సెన్సారు అను పలకలో ఉన్నది.

సామాన్యపు కాంపాక్టులో ఈ పలక సుమారు 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు. ఎ.పి.ఎస్.-సి. తరగతి మిర్రర్‌లెస్‌లో సుమారు 23.5, 15.6. వైశాల్యము పదమూడింతలు! వానలో గిన్నె పెట్టుటకును గంగాళము పెట్టుటకును గల తారతమ్యమే ఇది.

పట్టపగలు ఈ తేడా అంతగా తెలియదు. చిక్కంతయు సాయంకాలపు నాటకములోనే. దీపములు మందము, పిల్లవాడు కుదురుగా నిలువడు. షట్టరు నెమ్మదించినచో చేతులు, ముఖము చెదరిపోవును. వెనుక వరుసనుండి ఫ్లాషు వేసినచో ముందువారి తలలే వెలుగును గాని వేదిక వెలుగదు.

అయితే మిర్రర్‌లెస్ కొన్నంతనే పని తీరదు. దానితో వచ్చు జూమ్ లెన్సు దూరపు వస్తువును దగ్గరకు తెచ్చునపుడు సాధారణముగా ఎఫ్/5.6 మాత్రమే తెరచుకొనును. 50 మి.మీ., ఎఫ్/1.8 లెన్సు దానికి సుమారు పదింతల వెలుతురును లోనికి రానిచ్చును. కావున కెమెరా ధరతోపాటు ఈ రెండవ లెన్సు ధరను ముందే లెక్కించుకొనవలెను. అంత వెచ్చింపలేనివారు చిన్న సెన్సారు కాంపాక్టు కొనుట నాకు సమ్మతము కాదు; పగటి చిత్రములకు ఇంటనున్న సెల్‌ఫోను చాలును.