ఇన్సులిను, నడుము కొలత: రైతు తెలిసికొనవలసిన సంగతులు

కాలువకు నీరెంత సమృద్ధిగా వచ్చినను తూము తెరువనిదే పొలములోనికి పాఱదు. మన దేహమునందును ఇట్టి యేర్పాటే కలదు. మనము భుజించిన అన్నము చక్కెరగా మాఱి రక్తమున చేరును. ఆ చక్కెరను కండలలోనికి పంపుటకు తూము తెరచు లస్కరువలె పనిచేయునది ఇన్సులిను. ఇది క్లోమగ్రంథియందు పుట్టును. 1921వ సంవత్సరమున కెనడా దేశమందలి టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు దీనిని వేఱుచేసిరి. 1922లో మధుమేహముచే క్షీణించుచున్న పదునాలుగేండ్ల బాలునకు దీనిని సూదిద్వారా ఇచ్చి ప్రాణము నిలిపిరి.

ఇన్సులిను లేకపోవుట యొక రోగము. అది యుండియు చాలినంతగా పనిచేయకపోవుట మఱియొకటి. నేడు గ్రామములలో ప్రబలుచున్నది ఈ రెండవదే. పొట్టలోపలను, కాలేయమునందును కొవ్వు పేరుకొనినపుడు తూములు త్రుప్పుపట్టినట్లగును. అప్పుడు క్లోమగ్రంథి మఱింత ఇన్సులినును స్రవించి, ఎట్లో చక్కెరను లోనికి పంపుచుండును. కావున పెక్కేండ్లు రక్తపరీక్షలో చక్కెర సరిగానే కనబడును. రైతు తనకే లోపమును లేదని తలచును. ఈలోగా రక్తపోటును, రక్తమందలి కొవ్వును పెరుగుచుండును. తుదకు గ్రంథి అలసిపోయి చక్కెర బయటపడును. ఈ దోషములు ఒండొంటితో ముడివడియున్నవనియు, వానికి మూలము ఇన్సులిను సరిగా పనిచేయకపోవుటయే కావచ్చుననియు 1988లో అమెరికా వైద్యుడు జెరాల్డు రీవెను ప్రతిపాదించెను. దీనినే నేడు మెటబాలిక్ సిండ్రోము అందురు.

దీనిని గుర్తించుటకు లక్షణము లైదు:

1. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు గాని, అంతకు మించి గాని యుండుట.
2. రక్తపోటు 130/85 గాని, అంతకు హెచ్చు గాని యుండుట.
3. పరగడుపున చక్కెర 100 గాని, అంతకు హెచ్చు గాని యుండుట.
4. ట్రైగ్లిసరైడులను కొవ్వు 150 గాని, అంతకు హెచ్చు గాని యుండుట.
5. హెచ్.డి.ఎల్. అను మంచి కొవ్వు పురుషులకు 40, స్త్రీలకు 50 కంటె తక్కువ యగుట.

వీనిలో మూడున్నచో వ్యాధి యున్నట్లే. నడుమును పంచె కట్టుకొను చోట కొలువరాదు. కడపటి ప్రక్కటెముకకును తుంటి యెముకకును నడుమ, ఊపిరి విడిచి కొలువవలెను. మెడ వెనుక చర్మము నల్లబడి మందమగుటయు హెచ్చిన ఇన్సులినునకు గురుతు కావచ్చును. దానిని మురికియని రుద్దిన పోదు.

రైతునకు ఈ వ్యాధి యేల వచ్చునని యడుగవచ్చును. ట్రాక్టరును, మోటారును, కోతయంత్రమును వచ్చి మన చాకిరిని తగ్గించినవి. కంచములోని అన్నపురాశి మాత్రము తగ్గలేదు. పనిచేయు కండ ఇన్సులిను సాయము లేకయే కొంత చక్కెరను గ్రహింపగలదు. కూర్చున్న కండకు ఆ శక్తి లేదు.

నివారణోపాయము కలదు. చెన్నపట్టణపు వైద్యులు 2006లో ప్రకటించిన పరిశోధనమున, మధుమేహమునకు చేరువయైనవారిలో సామాన్యమైన సలహా మాత్రమే పొందినవారు మూడేండ్లలో నూటికి 55 మంది రోగులైరి. నడకను, మితాహారమును అభ్యసించినవారిలో 39 మందియే యైరి. కావున భోజనానంతరము కొంతసేపు నడువుడు. అన్నము తగ్గించి పప్పును, ఆకుకూరలను హెచ్చింపుడు. దంపుడు బియ్యము, జొన్నలు మేలేకాని వానికిని మితము వలయును. బెల్లము చక్కెరకంటె నిరపాయమని నమ్మకుడు. పొగాకును, మద్యమును విడువుడు. వైద్యుడిచ్చిన మందును, ఇన్సులిను సూదిని స్వయముగా మానరాదు.

మూత్రపిండములు చెడినను, కాలికి పుండుపడి మానకున్నను, వైద్యపు ఖర్చునకు పొలము తాకట్టు పడును. కొలత టేపునకు కావలసినది కొలది రూకలే. ప్రతి సంఘమును నెలవారి సమావేశమున సభ్యుల నడుము కొలిపించి, కొలత మించినవారిని రక్తపోటు, చక్కెర పరీక్షలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుట మేలు. పంటకు తెగులు సోకకమున్నే మేల్కొను రైతు తన దేహము విషయమున ఉపేక్ష వహింపదగదు.