సర్జరీకి రమ్మంటే ఆపరేషనేనా?

ప్రశ్న: లెస్టర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. 'మంగళవారం సర్జరీకి రండి' అని ఉత్తరం వచ్చింది. నాకున్నది బీపీ ఒక్కటే. ఆపరేషన్ దేనికండీ?

జవాబు: భయపడకండమ్మా. బ్రిటన్‌లో జీపీ, అంటే మన ఫ్యామిలీ డాక్టరు, రోగులను చూసే చోటునే సర్జరీ అంటారు. పళ్ల డాక్టరు క్లినిక్‌కూ అదే పేరు. అంతెందుకు, ఎంపీ తన నియోజకవర్గ ప్రజల గోడు వినే సమయమూ సర్జరీయే! మూలం గ్రీకు: చేయి, పని అనే రెండు మాటల కలయిక. చేత్తో చేసే వైద్యం పేరు క్రమంగా వైద్యుడు కూర్చునే గదికి పాకింది.

ఉత్తరం ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. జీపీ దగ్గరినుంచైతే మామూలుగా బీపీ చూడడానికే. మందుల చీటీ తీసుకెళ్లండి. దుబాసీ కావాలని ముందే అడగండి, డబ్బు తీసుకోరు. అనుమానం తీరకపోతే ఆ సర్జరీకే ఫోన్ చేయించండి. ఛాతీనొప్పి వస్తే మాత్రం మంగళవారం దాకా ఆగకుండా వెంటనే అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయండి.